కాల్చే ముందు మోసే లెక్క: ఆరుగురి ఎల్క్ వేట, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట లైసెన్సు తీసుకోవాలంటే ముందు భద్రతా శిక్షణ పూర్తిచేసి ఉండాలి. ఆ శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద బోధకుల్లో నేనూ ఒకరిని. తరగతి ముగిశాక కొందరు వెనక ఆగి, "మేం నలుగురం కలిసి వెళ్దామనుకుంటున్నాం, మా ప్రణాళిక ఒకసారి చూసిపెడతారా?" అని అడుగుతుంటారు. చూస్తాను. డబ్బు తీసుకోను, తుపాకీ పట్టుకుని వాళ్ల వెంట వెళ్లను. పటం మీద, కాగితం మీద, వేసవిలో కొండ మీద మాత్రం తోడుంటాను.

ఈ కేసు అలా వచ్చిందే. వాళ్ల అనుమతితో రాస్తున్నాను. వృత్తులు, వయసులు, బంధుత్వాలు కొంత మార్చాను. వేట యూనిట్ (వేట కోసం రాష్ట్రం విభజించిన ప్రాంతం) సంఖ్య, కొండ పేరు రాయడం లేదు. కొలరాడో వాయవ్య భాగంలోని జాతీయ అరణ్యం అంచు అని మాత్రం చెబితే చాలు.

జట్టులో ఆరుగురు తెలుగువాళ్లు. డెన్వర్ చుట్టుపక్కల నలుగురు: యాభై ఎనిమిదేళ్ల పెద్దాయన, హెచ్-1బీ వీసా మీద ఉన్న ఆయన మేనల్లుడు, మోకాలు అరిగిన ఒక బ్యాంకు ఉద్యోగి, వారాంతాల్లో సుదూర పరుగులు తీసే ఒక ఇంజనీరు. హ్యూస్టన్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు.

ఎల్క్ చూడని పాఠకులకు ఒక మాట. అది మన కణుజుకు చుట్టమే. రాకీ పర్వతాల్లో ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది, ఆడది సుమారు 225 కిలోలు ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొలరాడోలో దాదాపు అంతరించిపోతే వ్యోమింగ్ వైపు నుంచి తెచ్చి వదిలారు. ఇవాళ ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద సంఖ్యలో ఎల్కులున్నది ఈ రాష్ట్రంలోనే. ఎన్ని వేటాడవచ్చో, ఏ యూనిట్‌లో, ఏ రోజుల్లో, ఆడదా మగదా అన్నది ఏటా రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిర్ణయిస్తుంది.

సమస్య

వాళ్లు జనవరిలో మా ఇంటికి వచ్చారు. ఎల్క్ దొరకలేదని రాలేదు, దొరికినందుకు వచ్చారు.

అంతకుముందు అక్టోబరులో ఆరుగురూ మగ ఎల్క్ లైసెన్సులు కొనుక్కుని వెళ్లారు. 3,150 మీటర్ల ఎత్తున గుడారాలు వేశారు. హ్యూస్టన్ అంటే సముద్ర మట్టమే. అన్నదమ్ములు పొద్దున విమానం దిగి, అదే సాయంత్రానికి అక్కడికి చేరి, ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. రెండో రాత్రికి తమ్ముడికి తలనొప్పి, వాంతులు. ప్రయాణంలో తిన్నది పడలేదనుకున్నారు. మర్నాడు నడవలేకపోతుంటే అప్పుడు కిందికి దింపారు. దింపిన మూడు గంటల్లో కోలుకున్నాడు కాబట్టి సరిపోయింది. అది ఎత్తు జబ్బు. ముదిరి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడో రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఇంజనీరు ఒక మగ ఎల్క్‌ను కొట్టారు. అది పడిన చోటు కాలిబాట మొదలుకు నాలుగు కిలోమీటర్ల దూరం, మూడు వందల మీటర్ల లోతు లోయ. మాంసం లాక్కురావడానికి రెండు చక్రాల బండి కొనితెచ్చుకున్నారు. కానీ అది చట్టం ప్రకారం 'విల్డర్‌నెస్'గా ప్రకటించిన ప్రాంతం. అక్కడ మోటారు వాహనాలే కాదు, చేత్తో లాగే చక్రాల బండికి కూడా అనుమతి లేదు. అది బోర్డు చూశాకే వాళ్లకు తెలిసింది. బండిని అక్కడే గొలుసు వేసి వదిలేశారు. బరువు మోయగలిగినవాళ్లు ఆ రోజుకు ఇద్దరే మిగిలారు.

చీకటి పడేలోగా ముందు కాళ్లు రెండూ విప్పి మోసుకొచ్చారు. వెనక తొడలు రెండింటినీ తోలు తీయకుండా నేలమీదే ఉంచి, పొద్దున వస్తామని వెళ్లిపోయారు. రాత్రి మంచు పడేంత చలి ఉంది కదా, ఏమీ కాదనుకున్నారు. ఆ తోలు ఎల్క్‌ను సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కూడా వెచ్చగా ఉంచేది. చచ్చాక కూడా ఆ పని ఆపదు. కింద నేల, పైన తోలు, మధ్యలో చెయ్యి పట్టనంత మందం మాంసం. మర్నాడు మధ్యాహ్నం రెండో తొడను కోసి, తుంటి కీలు దగ్గర కత్తి దించగానే పుల్లటి వాసన వచ్చిందని పెద్దాయన చెప్పారు. చెబుతూ ఆగిపోయారు. ఇరవై కిలోలకు పైగా మాంసం పారవేయాల్సి వచ్చింది.

"చంపి పారేశామండీ. మా ఇంట్లో అన్నం మెతుకు కింద పడితే మా అమ్మ ఊరుకునేది కాదు," అన్నారాయన. మా సంభాషణలో నాకు ఇప్పటికీ వినిపించే మాట అదే.

మేనల్లుడు అడిగింది మాత్రం వేరు. ఎక్కువ ఎల్కులున్న యూనిట్ ఏది, దానితోపాటు మ్యూల్ డియర్ అనే జింక కూడా దొరికే చోటు ఏది, ఆరుగురికీ లైసెన్సులు ఎలా వస్తాయి. ఎక్కువ జట్లు అడిగేది ఇదే. జంతువు ఎక్కడుందో తెలిస్తే మిగతాది అదే కుదురుతుందన్న నమ్మకం ఆ ప్రశ్నల వెనక ఉంది. మనలో చాలామందికి వేట అంటే తాతల కాలపు కథలే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో అది నేరమైంది, చూసి నేర్చుకునే వీలు లేదు. ఆ కథల్లో తోలడం ఉంటుంది, గురి ఉంటుంది, పడటం ఉంటుంది. మోత ఉండదు. మోసినవాళ్లు వేరే మనుషులు, వాళ్లు కథలు చెప్పలేదు.

కాబట్టి నేను మొదట పటం తీయలేదు. కాగితం మీద కిందినుంచి పైకి రాశాను. మాంసం చల్లబడి ఐస్ పెట్టెలోకి చేరడం ఆఖరి గీత. దానికి ముందు ఎవరు మోస్తారు, ఎంత మోస్తారు, ఎంత దూరం. దానికి ముందు ఏ జంతువు, ఎన్ని. అన్నిటికన్నా చివర ఎక్కడ.

మొదటి నిర్ణయం: ఎన్ని లైసెన్సులు

ఆరు మగ ఎల్కులంటే ఎముక తీసేసినా అర టన్నుకు పైగా మాంసం. ఆరుగురు ఆరు లైసెన్సులు కొన్నప్పుడు ఆ లెక్క ఎవరూ వేయలేదు. అన్నీ పడవు కదా అంటారు. నిజమే, కొలరాడోలో చాలామంది వేటగాళ్లు ఎల్క్ లేకుండానే ఇల్లు చేరతారు. అయినా ఒకే మంద ఎదురైతే ఒకే నిమిషంలో రెండు మూడు పడవచ్చు. ప్రణాళిక ఆ నిమిషాన్ని తట్టుకోవాలి.

జింక లైసెన్సుల సంగతి వేరు. 1999 నుంచి కొలరాడోలో జింక లైసెన్సులన్నీ పరిమితమే, డ్రాలో రావాల్సిందే. మొదటి ఎంపిక దక్కని ఏడాదికి, డ్రాలో ముందు వరుసకు తెచ్చే ప్రిఫరెన్స్ పాయింటు ఒకటి చేరుతుంది. పెద్దాయనకు, బ్యాంకు ఉద్యోగికి జింకల ఖాతాలో నాలుగేసి పాయింట్లున్నాయి. మిగతావాళ్లకు ఒకటి, సున్నా. ఆరుగురూ ఒకే జట్టుగా దరఖాస్తు పెట్టాలని వాళ్ల కోరిక. ఇక్కడి నియమం ఏమిటంటే, జట్టుగా పెడితే అందరిలో ఎవరికి తక్కువ పాయింట్లున్నాయో ఆ సంఖ్యనే జట్టంతటికీ లెక్కగడతారు. పక్కనున్న వ్యోమింగ్‌లో సగటు తీస్తారు, ఇక్కడ అలా కాదు. అంటే సున్నా ఉన్న ఒక్కరిని చేర్చుకుంటే ఆ ఇద్దరి నాలుగేళ్ల నిరీక్షణకు విలువ ఉండదు.

"అందరం కలిసి పెట్టకపోతే జట్టు ఎలా అవుతుంది?" అని అన్నగారు అడిగారు. దరఖాస్తు వేరు, శిబిరం వేరు అని చెప్పాను. ఒకే యూనిట్, ఒకే తేదీలు ఉంటే చాలు. అక్టోబరు చివర్లో వచ్చే రెండో రైఫిల్ సీజన్ తొమ్మిది రోజులు. జింకకూ ఎల్క్‌కూ కలిపి ఉంటుంది. పాయింట్లున్న ఇద్దరూ జంటగా మగ జింకకు పెట్టారు. మేనల్లుడు, ఇంజనీరు, అన్నగారు ముగ్గురూ ఆడ ఎల్క్‌కు పెట్టారు. ఆ యూనిట్‌లో దానికి పాయింట్లు అక్కర్లేదు.

ఆడ ఎల్క్ ఎందుకన్నది చాలాసేపు చర్చించాం. కొమ్ముల ఫొటో ఉండదు, మేనల్లుడికి అదే లోటు. నా వాదన రెండు కారణాల మీద నిలిచింది. అక్టోబరు చివరికి జత కూడే కాలం అయిపోతుంది. అలసిన మగవి ఒంటరిగా, మనిషి దూరలేని దట్టమైన ఉత్తరపు వాలుల్లో దాక్కుంటాయి. వాటికోసం వెళ్లినవాడు కిందటేడు లాగే లోయల్లోకి దిగుతాడు. ఆడవి మందలుగా ఉంటాయి, పచ్చిక బయళ్ల అంచులకు వస్తాయి. రెండోది బరువు. ఆడదాని ఎముక తీసిన మాంసం సుమారు డెబ్బై కిలోలు. నలుగురు మోస్తే ఒకే నడక.

తమ్ముడు తనకు లైసెన్సు వద్దన్నాడు. నేను చెప్పలేదు, తనే అన్నాడు. "నేను మోస్తాను, వండుతాను. అది చాలు నాకు." ఒకరి లైసెన్సు మీద ఇంకొకరు కొట్టడం ఇక్కడ నేరం. మనమంతా ఒకటే కదా అనుకునే అన్నదమ్ముల మధ్య ఇది తేలికగా జారిపోయే చోటు. అందుకే ఇద్దరినీ కూర్చోబెట్టి, అన్నగారి తుపాకీ తమ్ముడి చేతికి వెళ్లే సందర్భమే ఉండదని స్పష్టంగా చెప్పుకున్నాం.

మేనల్లుడి వీసా విషయం ఈ కేసులో అందరికన్నా ఎక్కువ మందికి పనికొచ్చేది. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని సమాఖ్య చట్టం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో జారీ అయిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. మేనల్లుడు మార్చిలోనే స్నేహితుడి రైఫిల్‌తో గురి సాధనకు వెళ్దామనుకున్నాడు. అక్టోబరు లైసెన్సు అప్పటికి చేతిలో ఉండదు. ఆగమన్నాను. కొలరాడో డ్రాకు దరఖాస్తు పెట్టాలంటే అర్హత కోసం ఎలాగూ ముందు ఒక వార్షిక లైసెన్సు కొనాలి. చిన్న జంతువుల వేట లైసెన్సు అందుకు సరిపోతుంది. అది కొన్నాక, వలస చట్టం తెలిసిన న్యాయవాది దగ్గర రాతపూర్వకంగా సలహా తీసుకున్నాకే తుపాకీ ముట్టాలని చెప్పాను. మూడు వారాలు ఆలస్యమైంది. వీసా పోతే వేట ఒక్కటే పోదు.

రెండో నిర్ణయం: ఎంత దూరం

జూన్‌లో ఒక శనివారం డెన్వర్ పడమట ఉన్న గుట్టల్లో మోత పరీక్ష పెట్టాను. బరువుకు ఇసుక కోసం వెతకలేదు. ఇంట్లో ఉండే ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు వీపు సంచిలో పెట్టుకోమన్నాను. పద్దెనిమిది కిలోలు. మూడు కిలోమీటర్లు, మూడు వందల యాభై మీటర్ల ఎక్కుడు, మళ్లీ దిగుడు. హ్యూస్టన్ వాళ్లు అదే బరువుతో ఒక పార్కింగ్ భవనం మెట్లు ఎక్కి దిగి, సమయాలు పంపారు.

పెద్దాయన సగం దూరంలో కూర్చున్నారు. బ్యాంకు ఉద్యోగి పైకి బాగానే ఎక్కారు. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. ఇది ముందే తెలియడం ఎంత మేలో! కొండ మీద మాంసంతో దిగేటప్పుడు తెలిసి ఉంటే మోయాల్సింది మాంసం ఒక్కటే అయ్యేది కాదు. మోసేవాళ్లు నలుగురని ఆ రోజు తేలింది. ఇంజనీరు ఒక్కరే రెండు నడకలు చేయగలరు.

అప్పుడు పటం తెరిచాం. నలుగురు, ఒక్కొక్కరికి పద్దెనిమిది కిలోలు, కోతకు మూడు గంటలు, మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు శిబిరం. ఈ లెక్కకు రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు హద్దు. ఇంకొక షరతు కలిపాను. రోడ్డుకన్నా ఎత్తున ఉన్న చోటే వేటాడాలి. బరువుతో దిగాలి తప్ప ఎక్కకూడదు. ఈ రెండు షరతులతో పటం మీద గీతలు గీస్తే, కిందటేడు వాళ్లు తిరిగిన ప్రాంతమంతా పోయింది. విల్డర్‌నెస్ హద్దు బయట, ఆస్పెన్ చెట్ల వరుసకూ స్ప్రూస్ అడవికీ మధ్య, ఒక అటవీ రోడ్డుకు ఎగువన, సన్నటి పట్టీ ఒకటి మిగిలింది. మేనల్లుడు దాన్ని చూసి, "ఇంతేనా?" అన్నాడు.

శిబిరం 2,500 మీటర్ల దగ్గర పెట్టాం. అన్నదమ్ములు రెండు రోజులు ముందొచ్చి, ఒక రాత్రి 1,600 మీటర్ల డెన్వర్‌లో పడుకుని అక్కడికి వచ్చారు. ఆ ఏడాది ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు.

మూడో నిర్ణయం: తోలడమా, మాటు వేయడమా

నలుగురు అడవిలో వరుసగా నడుస్తూ తోలితే, ఇద్దరు చివర కాపు కాసి కొట్టాలని వాళ్ల మొదటి ఆలోచన. నేను ఒప్పుకోలేదు. తోలిన ఎల్క్ కనబడేంత దూరంలో ఆగదు, కొండ దాటి పోతుంది. దగ్గర్లో ప్రైవేటు భూమి ఉంటే అందులోకి పోతుంది, ఆ సీజన్‌కు ఇక రాదు. అంతకన్నా ముఖ్యం, ఆ పద్ధతిలో తుపాకీ ఉన్నవాడికి ఎదురుగా మన మనుషులే ఉంటారు. ప్రతి వేటగాడు నడుముకు పైన 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ మెరుపు రంగు, తల మీద అదే రంగు ధరించాలని నియమం ఉంది. స్ప్రూస్ చెట్ల మధ్య ఆ రంగు కూడా కనబడని క్షణాలుంటాయి.

మూడు జంటలు, మూడు మాటులు అనుకున్నాం. ఒక్కో జంట ఏ దిక్కున కాల్చవచ్చో, ఏ దిక్కున కాల్చకూడదో పటం మీద గీసి, ఒక్కొక్కరూ తమ చేత్తో దాన్ని మళ్లీ గీయాలి. ప్రతి ఒక్కరూ సాధనలో నిలకడగా కొట్టిన దూరాన్ని రైఫిల్ కట్టె మీద టేపు అంటించి రాసుకోవాలి. పెద్దాయన టేపు మీద 180 మీటర్లు.

ఇంకో నియమం పెట్టాను. దాని గురించే తర్వాత గొడవైంది. ఒక ఎల్క్ పడితే, దాని మాంసం మొత్తం శిబిరానికి చేరి చల్లబడేదాకా రెండో ఎల్క్ మీద ఎవరూ కాల్చకూడదు. పక్క జంట తుపాకీ మోత వినబడితే, తప్పిందని ఉపగ్రహ సందేశం వచ్చేదాకా ఆగాలి.

ఏం విఫలమైంది

మొదటి ఉదయం నా తప్పు వల్ల పోయింది.

ఆగస్టులో ఆ పట్టీ చూడటానికి నేనూ ఇంజనీరూ వెళ్లాం. ఒక పచ్చిక బయలుకు ఎగువ అంచున పడిపోయిన మాను, దాని వెనక కూర్చుంటే కింద బయలంతా కనబడుతుంది. తాజా పెంట, గడ్డి మీద పడుకున్న గుర్తులు ఉన్నాయి. గాలి కిందినుంచి మొహానికి కొడుతోంది. ఇంతకన్నా మంచి మాటు ఉండదని నేనే పటం మీద గుర్తు పెట్టాను. మేం అక్కడున్నది మధ్యాహ్నం రెండు గంటలకు.

ఎండకు వేడెక్కిన గాలి వాలు మీదుగా పైకి పోతుంది. రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి నీళ్లలా కిందికి జారుతుంది. సూర్యుడు వచ్చి వాలు వేడెక్కేదాకా అలాగే జారుతుంది. ఇది నేను తరగతిలో చెప్పే పాఠమే. అయినా మధ్యాహ్నపు గాలిని చూసి తెల్లవారుజాము మాటు నిర్ణయించాను. ఆ ఉదయం ఇంజనీరు, పెద్దాయన చీకట్లో ఆ మాను వెనక కూర్చున్నారు. కాల్చడానికి చట్టం అనుమతించే సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది. దానికింకా పావుగంట ఉండగానే కింద బయల్లో గిట్టల చప్పుడు, కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించాయి. వెలుగొచ్చేసరికి బయలు ఖాళీ. మంచు మీద ఇరవైకి పైగా జాడలు, అన్నీ దిగువకు.

నేను మొదటి నాలుగు రోజులూ శిబిరంలోనే ఉన్నాను. మధ్యాహ్నం వాళ్లు వచ్చి చెప్పగానే ఏం జరిగిందో అర్థమైంది. నా పొరపాటని చెప్పి, మాటులన్నిటినీ మళ్లీ చూశాం. తమ్ముడు వంట డబ్బాల్లోంచి బియ్యప్పిండి తీసి, మూత చిన్న చిల్లున్న సీసాల్లో పోసి ఒక్కో జంటకు ఇచ్చాడు. మర్నాడు తెల్లవారకముందు అంతా మాటు కోసం కాకుండా గాలి చూడటానికే వెళ్లారు. హెడ్‌లైటు వెలుగులో సీసా నొక్కితే పిండి చిన్న మేఘంలా లేచి, ఒక క్షణం ఆగి, నెమ్మదిగా కుడికి తిరిగి, వాగు పల్లం వెంట దిగిపోవడం అన్నగారు నాకు చేత్తో చూపిస్తూ చెప్పారు. గాలి ఆ పల్లంలోనే దిగుతోంది. పల్లానికి ఎడమ పక్క గట్టు మీద కూర్చుంటే వాసన బయలు వైపు పోదు. మాటు ఎనభై మీటర్లు జరిగింది. మొత్తం ఒక రోజు ఖర్చయింది.

ఆ రెండో సాయంత్రమే పెద్దాయనకు మంచి మగ జింక కనబడింది. దూరం కొలిస్తే 240 మీటర్లు. టేపు మీద 180. కాల్చలేదు. దగ్గరకు పోవడానికి చాటు లేదు. శిబిరానికి వచ్చి మామూలుగా చెప్పి, కాళ్లు కడుక్కుని పప్పన్నం తిన్నారు. జట్టులో చిన్నవాళ్ల మీద ఏ నియమం కన్నా అది బలంగా పనిచేసిందని నా నమ్మకం.

ఏం ఫలించింది

మూడో ఉదయం చలి మైనస్ ఆరు. అన్నదమ్ములు గట్టు మీద ఉన్నారు. ఏడు గంటల తర్వాత తొమ్మిది ఎల్కులు స్ప్రూస్ అంచు నుంచి బయటికొచ్చాయి. అన్నగారు వెంటనే కాల్చలేదు. మసక వెలుగులో ఏడాదిన్నర మగదాని సన్నటి కొమ్ములు చెవుల మధ్య కలిసిపోతాయి. అది ఆడ ఎల్క్ లైసెన్సుకు పనికిరాదు. పైగా ముందున్నదాని వెనక ఇంకొకటి ఉంటే తూటా రెండిట్లోనూ దిగుతుంది. ఒక పెద్ద ఆడది మంద నుంచి విడిపడి, పక్కకు తిరిగి, తల దించి గడ్డి అందుకునేదాకా పదకొండు నిమిషాలు ఆగారు. 140 మీటర్లు. ఒక్క తూటా. అది నలభై అడుగులు వేసి కూలింది. అరగంట ఆగి, వెనక వైపు నుంచి వెళ్లి, కంటిని కర్రతో తాకి చూసి, లైసెన్సు ట్యాగు వేశారు. మోతకు రమ్మని సందేశం వెళ్లింది.

మంద చెదిరి తూర్పుకు పోయింది. తూర్పున మేనల్లుడు, బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. తుపాకీ మోత విన్న ఇరవై నిమిషాలకు ఆరు ఆడ ఎల్కులు వాళ్ల ముందు ఆస్పెన్ చెట్ల మధ్య నిలబడ్డాయి. తొంభై మీటర్లు. మేనల్లుడి జేబులో లైసెన్సు ఉంది, చేతిలో తుపాకీ ఉంది. బ్యాంకు ఉద్యోగి అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. రెండు నిమిషాల తర్వాత అవి వెళ్లిపోయాయి.

మాంసం మోత సాఫీగా సాగింది. పొట్ట చీల్చకుండా పక్కనుంచి కోసే పద్ధతిలో కాళ్లు నాలుగు, వెన్ను కండలు, మెడ విప్పి, లోపలి మెత్తటి కండ తీసి, ఎముక తొలగించి గుడ్డ సంచుల్లో వేశారు. ఆడదని నిరూపించే భాగాన్ని నియమం ప్రకారం ఒక ముక్కకు అంటిపెట్టి ఉంచారు. నలుగురూ పన్నెండున్నరకు శిబిరం చేరారు. సంచులు వాగు పక్క నీడలో వేలాడదీశాం. నేను ఒక్కో సంచి మధ్యకు ఉష్ణమాపకం గుచ్చి చూశాను. రాత్రి ఎనిమిదికి అన్నీ నాలుగు డిగ్రీల కిందికి వచ్చాయి.

అప్పటిదాకా మౌనంగా ఉన్న మేనల్లుడు భోజనం దగ్గర అన్నాడు: "మామయ్యా, తొంభై మీటర్లు. నేను డబ్బు పెట్టి కొనుక్కున్న లైసెన్సు. ఇంకోసారి అలాంటి అవకాశం వస్తుందా?"

పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు. "రాకపోవచ్చురా," అన్నారు చివరికి. "నువ్వు కొట్టి ఉంటే ఎనిమిది గంటలకు రెండోది నేల మీద ఉండేది. దాన్ని మోయాల్సింది ఎవరు? ఆ నలుగురే. మొదటిది దింపి, పన్నెండున్నరకు మళ్లీ బయలుదేరి ఎక్కితే దాని దగ్గరికి ఎన్నింటికి చేరేవాళ్లు? ఎండ చూశావుగా." ఆ మధ్యాహ్నం నీడలోనే పదకొండు డిగ్రీలుంది. మేనల్లుడు లెక్క వేసుకున్నాడు, కాదనలేదు. కానీ ఒప్పుకున్నాడని కూడా చెప్పలేను. ఆ రాత్రి అతను మాట్లాడలేదు.

ఆ రాత్రి మాంసం వండలేదు కూడా. ఎల్క్, జింకల్లో మెదడును తినేసే సీడబ్ల్యూడీ అనే జబ్బుంది. దాన్ని మొదట గుర్తించింది 1967లో, ఇదే రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రపు జింకల్లో. మనుషులకు సోకినట్టు రుజువు లేదు. అయినా పరీక్షలో జబ్బు తేలిన జంతువును తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. తలలు పరీక్షకు ఇచ్చి, ఏ జంతువు మాంసం దాని పేరుతో విడిగా కట్టి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజరులో ఉంచాలని ముందే నిర్ణయించాం. ఆరు ఇళ్లలో చిన్నపిల్లలున్నారు. తమ్ముడు పులిహోర కలిపాడు.

ఐదో సాయంత్రం బ్యాంకు ఉద్యోగి 110 మీటర్ల నుంచి మగ మ్యూల్ డియర్‌ను కొట్టారు. రోడ్డుకు ఆరు వందల మీటర్లే. ఆరో రాత్రి పది సెంటీమీటర్ల మంచు కురిసింది. పైనున్న మందలు కిందికి దిగాయి. ఏడో ఉదయం మేనల్లుడికి అవకాశం వచ్చింది. 130 మీటర్లు, ఒక్క తూటా. అప్పటికి నేను ఇల్లు చేరాను. అతను పంపిన ఫొటోలో ఎల్క్ లేదు. తాడుకు వేలాడుతున్న నాలుగు గుడ్డ సంచులున్నాయి.

ఇంజనీరు ఎల్క్ లైసెన్సు, పెద్దాయన జింక లైసెన్సు అలాగే మిగిలాయి. మాంసం ఒక్క కిలో కూడా పాడవలేదు. మూడు పరీక్షల్లోనూ జబ్బు ఆనవాలు లేదని తేలింది. హ్యూస్టన్‌కు ఎముకలేని మాంసమే వెళ్లింది. మెదడు, వెన్నెముక భాగాలను చాలా రాష్ట్రాలు హద్దు దాటి రానివ్వవు. పంచుకున్న ప్రతి వాటాతోనూ లైసెన్సు వివరాలు, సంతకం ఉన్న చీటీ పెట్టారు.

నేను మార్చుకున్నవి

మాటు వేసే గంటకే వెళ్లి గాలి చూడాలి. తెల్లవారుజాము వేట అయితే తెల్లవారుజామునే వెళ్లి చూడాలి. ఇంతకుముందు జట్లకు నేను ఇది చెప్పేవాణ్ణి, ఇప్పుడు నేనూ పాటిస్తున్నాను.

ఒక జంతువు చల్లబడేదాకా రెండోది వద్దన్న నియమాన్ని ఇకముందు శిబిరంలో చెప్పను, లైసెన్సు దరఖాస్తుకు ముందే చెబుతాను. మేనల్లుడి బాధ న్యాయమైనదే. డబ్బు కట్టాక, సెలవు పెట్టుకున్నాక, తొంభై మీటర్ల దగ్గర ఆగమంటే అది నియమంలా ఉండదు, శిక్షలా ఉంటుంది. ముందే తెలిసి ఉంటే ముగ్గురు కాక ఇద్దరే ఎల్క్ లైసెన్సు తీసుకునేవారేమో. అలా తీసుకోవాల్సిందనే ఇప్పుడు అనుకుంటున్నాను. మోసేవాళ్లు నలుగురైతే ఎల్క్ లైసెన్సులు రెండు చాలు.

శాఖ దరఖాస్తులకు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. మోత పరీక్ష మాత్రం జూన్‌లో పెట్టాను. అంటే ఎవరు మోయగలరో తెలియకముందే ఎన్ని లైసెన్సులన్నది నిర్ణయమైపోయింది. ఈసారి అంచనా సరిపోయింది, అది అదృష్టం. పరీక్షను మార్చికి జరిపాను.

ఈ ఏడాదికి వాళ్లు మళ్లీ ఆరుగురే. పెద్దాయన తన జింక పాయింట్ల సంగతి తర్వాత చూసుకుంటానని, శిబిరం తను చూస్తానని అన్నారు. తమ్ముడు మొదటిసారి ఎల్క్ లైసెన్సుకు పెడుతున్నాడు. మోత పరీక్ష మార్చి రెండో శనివారం. బియ్యం సంచులు అందరికీ తనే తెస్తానని మేనల్లుడు సందేశం పెట్టాడు.